గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాసే చేత్తోనే ఈ జవాబు

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా ఇక్కడ పెడుతున్నాను, చదివేవాళ్ళకి తెలియాలి కాబట్టి. వయసు 41. విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు. బరువు 82 కిలోలు, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు, నడుము 39 అంగుళాలు. మందు అలవాటు లేదు. రోజుకి ఆరు టీలు, రాత్రి భోజనం పదింటికి. మీ ఆవిడ పోరు పెడితే ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నారు. స్కానింగ్‌లో ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని వచ్చింది. లివర్ ఎంజైములు ఎస్‌జీపీటీ 68, ఎస్‌జీఓటీ 46, రక్తంలోని కొవ్వు ట్రైగ్లిజరైడ్స్ 240, మూడు నెలల షుగర్ సగటు 6.1, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. తాగనివాడికి ఇదెందుకొచ్చింది, క్యాన్సర్ అవుతుందా, నేల ఉసిరి పొడి వాడొచ్చా, చేపల పులుసు మానాలా, వచ్చే నెల బావమరిది పెళ్ళిలో ఏం తినాలి అని అడిగారు.

నేను నెల్లూరులో పంతొమ్మిదేళ్ళుగా స్కానింగులు చేస్తున్న రేడియాలజిస్టుని. ఆ ముక్క రాసేది మాలాంటివాళ్ళమే. రోజుకి ముప్పై నలభై పొట్టలు చూస్తాను. ఫ్యాటీ లివర్ అని ఒక్కసారైనా రాయని రోజు ఈ మధ్య నాకు గుర్తులేదు. రాస్తాం, సంతకం పెడతాం, తర్వాతి టోకెన్ పిలుస్తాం. ఆ మాటకి అర్థం ఏమిటో మాత్రం కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పరు. పేషెంటు ఇంటికెళ్ళి ఫోన్‌లో వెతుక్కుని రాత్రంతా టెన్షన్ పడతాడు, లేదా కాగితం బీరువాలో పడేసి మర్చిపోతాడు. రెండూ తప్పే.

మేం ఏం చూసి రాస్తామో చెబుతాను. ప్రోబ్ కుడి పక్కటెముకల కింద పెట్టి గట్టిగా గాలి పీల్చి పట్టుకోమంటాం కదా, అప్పుడు లివరూ దాని కింద కుడి కిడ్నీ రెండూ ఒకే చోట స్క్రీన్ మీదకి వస్తాయి. మామూలు మనిషిలో రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో ఉంటాయి. కొవ్వు పట్టిన లివర్ శబ్ద తరంగాలని ఎక్కువగా వెనక్కి కొడుతుంది. అందుకని తెల్లగా మెరుస్తుంది, పక్కనున్న కిడ్నీ నల్లబడ్డట్టు కనిపిస్తుంది. ఆ తేడా కొద్దిగా ఉంటే గ్రేడ్ 1. లివర్ లోపలి రక్తనాళాల గోడలు మసకబారితే గ్రేడ్ 2. తరంగాలు లోపలికి దిగక, వెనకాల డయాఫ్రమ్ (పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే కండర పొర) గీత కూడా కనపడకపోతే గ్రేడ్ 3. ఇదంతా కంటి అంచనా. ఒకే లివర్‌కి పొద్దున నేను గ్రేడ్ 2 రాస్తే, సాయంత్రం ఇంకో సెంటర్లో గ్రేడ్ 1 రాయొచ్చు. ఇద్దరం అబద్ధం చెప్పినట్టు కాదు. లివర్‌లో 5 శాతం దాటి కొవ్వు చేరితేనే ఫ్యాటీ లివర్ అంటారు, కానీ దాదాపు 20 శాతం చేరేదాకా మా స్కానింగ్ దాన్ని నమ్మకంగా పట్టుకోలేదు. కాబట్టి ‘నార్మల్’ అని వచ్చినవాళ్ళు కూడా మరీ మురిసిపోనక్కర్లేదు.

అసలు సంగతి ఇదీ. గ్రేడ్ చెప్పేది కొవ్వు ఎంతుందో మాత్రమే. లివర్ చెడిపోయిందా లేదా అనేది గ్రేడ్ చెప్పదు. దానికి ఇంకో లెక్క ఉంది, స్టేజి. కొవ్వు వల్ల లోపల వాపు వచ్చి, మానుతూ రేగుతూ ఏళ్ళ తరబడి సాగితే, పుండు మానిన చోట మచ్చ పడ్డట్టు లివర్‌లో నార కట్టి గట్టిపడుతుంది. అదే ఫైబ్రోసిస్. దాన్ని 0 నుంచి 4 దాకా లెక్కేస్తారు, 4 అంటే సిరోసిస్. గ్రేడ్ 3 ఉండి స్టేజి 0 ఉన్నవాళ్ళున్నారు. గ్రేడ్ 1 ఉండి స్టేజి 4 ఉన్నవాళ్ళూ ఉన్నారు.

ఆ రెండో రకం ఒకరిని మర్చిపోలేను. కనిగిరి వైపు నుంచి 58 ఏళ్ళావిడ, పన్నెండేళ్ళ షుగరు. కొడుకు పాత రిపోర్టు చేతిలో పెట్టి, “అప్పుడు గ్రేడ్ 3 అన్నారు సార్, ఇప్పుడెంతుంది?” అన్నాడు. కొవ్వు వరకూ చూస్తే గ్రేడ్ 1 కూడా సరిగ్గా లేదు. ఆ మాట చెబితే వాడి మొహం వెలిగిపోయేది. కానీ లివర్ అంచు నున్నగా లేదు, పనస తొక్కలా బుడిపెలు తేలింది. ప్లీహం పెద్దదయింది. ప్లేట్‌లెట్లు 95 వేలు. ఎస్‌జీపీటీ చూస్తే 31, నార్మల్. లివర్ బాగా గట్టిపడ్డాక అందులో కొవ్వు తగ్గిపోతుంది, ఎంజైములూ దిగిపోతాయి. కాగితం మీద అన్నీ మెరుగైనట్టే కనిపిస్తాయి. ఆమెకి పన్నెండేళ్ళలో ఒక్కరూ స్టేజి సంగతి ఎత్తలేదు. ఎత్తనివాళ్ళలో, ఆ పాత గ్రేడ్ 3 రిపోర్టు కింద సంతకం పెట్టినవాడు కూడా ఉన్నాడు. ఆ సంతకం నాదే. అప్పటినుంచి షుగరున్నవాళ్ళ రిపోర్టులో ‘ఫైబ్రోసిస్ పరీక్ష చేయించగలరు’ అని ఒక లైను కలుపుతున్నాను.

ఇప్పుడు మీ లెక్క. స్టేజిని అంచనా వేయడానికి ఫిబ్-4 అని ఒక సూత్రం ఉంది. ఖర్చు లేనిది, మీ దగ్గరున్న రిపోర్టులతోనే అయిపోతుంది. వయసుని ఎస్‌జీఓటీతో గుణించాలి: 41 గుణించు 46, అంటే 1886. కింద ప్లేట్‌లెట్లని వేలల్లో తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి: 240 గుణించు 8.25, అంటే 1980. పైదాన్ని కిందిదానితో భాగిస్తే మీకు 0.95 వస్తుంది. 1.3 లోపు ఉంటే పెద్ద ఫైబ్రోసిస్ ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ చేస్తారు. నొప్పి ఉండదు, పక్కటెముకల మధ్య చిన్న తట్టు తట్టి లివర్ గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో కొలుస్తుంది, 8 లోపుంటే నిశ్చింత. దానికి వెళ్ళేముందు కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు, తింటే అంకె పెరుగుతుంది. ఈ ఫిబ్-4 లెక్క 35 ఏళ్ళ లోపు వాళ్ళకి సరిగ్గా పనిచేయదు, 65 దాటినవాళ్ళకి కింది హద్దు 1.3 కాదు, 2. మీకిప్పుడు ఫైబ్రోస్కాన్ అవసరం లేదనే నా అభిప్రాయం. షుగరు సగటు 6.1, అంటే గడప దాకా వచ్చింది. కాబట్టి ఏడాదికోసారి ఈ లెక్క మళ్ళీ వేసుకోండి.

“మందు ముట్టను సార్, నాకేంది ఇది?” అని దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. పక్కన కూర్చున్న ఆవిడ భర్త వైపు అనుమానంగా చూస్తుంది కూడా. ఈ జబ్బుకి చాలాకాలం ‘నాన్ ఆల్కహాలిక్ ఫ్యాటీ లివర్’ అనే పేరుండేది, అంటే తాగుడు వల్ల రానిది. 2023లో పేరు మార్చారు. ఇప్పటి పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పి మిమ్మల్ని విసిగించను, శరీరం తిండిని వాడుకునే తీరు చెడటం వల్ల వచ్చేది అని దాని భావం. లివర్‌లోని కొవ్వు మీరు తిన్న నెయ్యి నేరుగా వెళ్ళి పేరుకున్నది కాదు. ధాన్యం లెక్కలో చెబితే తేలిక. గాదె నిండితే మిగిలిన బస్తాలు వసారాలో వేస్తాం, వసారా నిండితే పడగ్గదిలోకి చేరుస్తాం. చర్మం కింది కొవ్వు గాదె. నడుము చుట్టూ, పేగుల చుట్టూ చేరేది వసారా. లివర్ పడగ్గది. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు గాదెలో ఉన్నది కూడా కారి లివర్‌లోకే వస్తుంది. పైగా ఎక్కువైన చక్కెరని, అన్నాన్ని లివరే కొవ్వుగా మార్చి దాచుకుంటుంది. మన భారతీయులకి గాదె చిన్నది. అందుకే బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, తెల్లవాళ్ళకి 25 దాటితే అధిక బరువు అంటే, మనకి 23కే అంటారు. మీది 29. నడుము మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. మీ 39 అంగుళాలు 99 సెంటీమీటర్లు. బరువు 60 కిలోలే ఉండి, కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండి, చొక్కా గుండీల దగ్గర మాత్రం ముందుకి వచ్చినవాళ్ళకి కూడా నేను గ్రేడ్ 2 రాస్తుంటాను.

మీరు రొయ్యల రైతు కాబట్టి ఒక సరదా సంగతి. ల్యాబుకి రొయ్య పట్టుకెళ్తే, మైక్రోస్కోపు కింద హెపటోపాంక్రియాస్ (రొయ్యకి లివర్ లాంటి అవయవం) చూసి కొవ్వు చుక్కలు నిండుగా ఉన్నాయి, రొయ్య బాగుంది అంటారు కదా. మనిషి దగ్గర ఇది తిరగబడుతుంది. రొయ్యకి ఆరోగ్యమైనది మనకి జబ్బు.

క్యాన్సర్ భయం గురించి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి సిరోసిస్ దాకా పోదు. లివర్ క్యాన్సర్ ముప్పు ప్రధానంగా సిరోసిస్ వచ్చినవాళ్ళకి, అందుకే వాళ్ళని ఆరు నెలలకోసారి స్కానింగ్‌కి రమ్మంటాం. మీ దగ్గర నన్ను కంగారు పెట్టేది లివర్ కాదు. ఫ్యాటీ లివర్ వాళ్ళని ఎక్కువగా తీసుకుపోయేది గుండెజబ్బు. ట్రైగ్లిజరైడ్స్ 240, షుగరు గడపలో, నడుము 39. ఈ మూడూ కలిసి గుండె వైపు చూస్తున్నాయి. బీపీ చూపించుకున్నట్టు మీరు రాయలేదు, ఈ వారంలోనే చూపించండి. హెపటైటిస్ బి, సి పరీక్షలు ఒక్కసారి చేయించండి, థైరాయిడ్ కూడా. ఎస్‌జీపీటీ పెరిగిన ప్రతిదాన్నీ కొవ్వు ఖాతాలో రాసేస్తే అసలు దొంగ తప్పించుకుంటాడు.

ఇక తగ్గించడం. మందుల కంటే గట్టి ఆధారం ఉన్నది బరువు తగ్గడానికే. బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు సద్దుకుంటుంది. 10 శాతం దాటితే నార కట్టినది కూడా చాలామందిలో వెనక్కి మళ్ళుతుంది. మీ లెక్కలో 5 శాతం అంటే 4 కిలోలు, 10 శాతం అంటే 8. ఆరు నెలల నుంచి ఏడాది పెట్టుకోండి. నెలకి కిలో, కిలోన్నర చాలు. పెళ్ళి దగ్గరికొచ్చిందని పది రోజులు పస్తులుండి 6 కిలోలు దించినవాళ్ళకి పిత్తాశయంలో రాళ్ళు వచ్చిన సంగతి నా స్క్రీన్‌కి తెలుసు. లివర్ కూడా అలాంటి పస్తుని ఓర్చుకోదు.

ముందు టీలతో మొదలుపెట్టండి. ఆరు టీలు, ఒక్కోదాంట్లో రెండు స్పూన్లు. పన్నెండు స్పూన్లంటే దాదాపు 50 గ్రాముల చక్కెర. మొత్తం రోజుకి 25 గ్రాములు దాటకపోతే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మీరు అన్నం ముద్ద ముట్టకముందే రెట్టింపు అయిపోయింది. గుంటల దగ్గర ఎండకి తాగే కూల్‌డ్రింక్ చిన్న సీసాలో ఇంకో 30 గ్రాములు. నా దగ్గరికొచ్చేవాళ్ళలో నెయ్యి మానేసి, వేపుడు మానేసి, ఈ రెండింటినీ వదలనివాళ్ళే ఎక్కువ. చక్కెర బదులు బెల్లం వేసుకున్నా, తేనె వేసుకున్నా లివర్‌కి ఒకటే. పొద్దున్నే నిమ్మరసంలో తేనె కలుపుకుంటే కొవ్వు కరుగుతుందని ఎవరో చెప్పే ఉంటారు. పొదలకూరు నిమ్మకాయ ఎంత మంచిదైనా ఆ పని చేయదు. జ్యూస్ వద్దు, పండు తినండి. కాఫీ మాత్రం తాగొచ్చు. మద్రాసు దగ్గర కాబట్టి మనకి ఫిల్టర్ కాఫీ కొత్తేమీ కాదు. రోజుకి రెండు మూడు కప్పులు తాగేవాళ్ళలో లివర్ గట్టిపడటం తక్కువని చాలా పరిశోధనల్లో కనిపించింది. చక్కెర లేకుండా.

చేపల పులుసు మానొద్దు. మామిడికాయ వేసిన పులుసులో చేప తప్పు చేయలేదు, నూనె తెట్టు కట్టేలా పోస్తే అది వేరే సంగతి. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, అన్నం కుప్ప పోసి మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటాం చూడండి, అక్కడ. ఆ రుచికి ముద్ద మీద ముద్ద దిగుతుంది, చేప ముక్క అంచునే ఉంటుంది. దాన్ని తిరగేయండి. రెండు చేప ముక్కలు, ఒక గిన్నెడు కూర, ఆకుకూర పప్పు ముందు తినేయండి, అన్నం ఒక కప్పుతో ఆపండి. కానాగంతలు, వంజరం ఏవైనా మంచివే, వేపుడు కంటే పులుసు నయం. ఒక పూట సంగటో, జొన్నరొట్టో మార్చుకోవచ్చు, కానీ రాగి సంగటి కదా అని రెండు ముద్దలు మింగితే ఫలితం శూన్యం. కారం దోసె వారానికోసారి తింటే ఎవరూ చచ్చిపోరు, నేనూ తింటాను. ఇంట్లో నూనె మనిషికి నెలకి అర లీటరు దాటకుండా చూడమని మీ ఆవిడకి చెప్పండి. లేదు, చెప్పకండి, డబ్బా మీరే కొనుక్కురండి, అప్పుడు లెక్క తెలుస్తుంది.

రాత్రి పదింటి భోజనం ఎనిమిదికి రావాలి. మేత వేసేవాళ్ళకి, ఏరేటర్లు చూసుకునేవాళ్ళకి అది కష్టమని తెలుసు. అందుకే ఇంటినుంచి డబ్బా తెప్పించుకుని గట్టు మీదే తినేయండి. రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మేత మిగిలితే ఆ పూటే రొయ్యకి మేత తగ్గిస్తారు కదా. మన కంచానికి చెక్ ట్రే నడుము టేపు. ఆదివారం పొద్దున, బొడ్డు ఎత్తున, ఊపిరి వదిలాక కొలవండి. బరువు కంటే అదే ముందు కదులుతుంది.

నడక గురించి మీరు “గుంటల మీద తిరుగుతానే ఉంటా” అని రాశారు. ఈ మధ్య గట్ల మీద నేను చూసినవన్నీ బైకులే. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగి పాట పాడలేనంత వేగంతో నడవాలి. దానికి తోడు వారానికి రెండు మూడు రోజులు కండకి పని చెప్పండి. జిమ్ అక్కర్లేదు. బళ్ళో మాస్టారు తీయించిన గుంజీలే పదిహేను చొప్పున మూడు సార్లు. కండ పెరిగితే చక్కెర లివర్ దాకా రాకుండా అక్కడే ఖర్చవుతుంది. బరువు కదలకపోయినా వ్యాయామంతో లివర్ కొవ్వు కొంత తగ్గుతుంది, అది గుర్తుంచుకుంటే మూడో నెలలో నిరుత్సాహం రాదు.

నా సంగతి కూడా చెప్పాలి. 2016లో ఒక మధ్యాహ్నం పేషెంట్లు లేక, జెల్ పూసుకుని ప్రోబ్ నా మీదే పెట్టుకున్నాను. కిడ్నీ నల్లగా, లివర్ తెల్లగా. ఇంకొకరిదైతే మారు ఆలోచించకుండా గ్రేడ్ 2 రాసేవాడిని. నాది కాబట్టి అయిదు నిమిషాలు స్క్రీన్ మీద బొమ్మ వెలుగు మార్చే గెయిన్ నాబ్ తిప్పి తిప్పి గ్రేడ్ 1 చేయాలని చూశాను. 7 కిలోలు తగ్గడానికి పద్నాలుగు నెలలు పట్టింది. లాక్‌డౌన్‌లో 3 కిలోలు తిరిగొచ్చాయి, వాటిలో ఒకటి ఇంకా నాతోనే ఉంది.

నేల ఉసిరి పొడి. మన వైపు కామెర్లకి పసరు మందు పోయించుకోవడం పాత అలవాటు. చాలా కామెర్లు వైరస్ వల్ల వచ్చి వాటంతటవే తగ్గేవి కాబట్టి పేరు పసరుకి వచ్చింది. ఫ్యాటీ లివర్‌ని నేల ఉసిరి తగ్గిస్తుందని గట్టి రుజువు లేదు. పొడి డబ్బాలో ఆకు ఒక్కటే ఉందని నమ్మకమూ లేదు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం నెలల తరబడి తాగి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశం నుంచే వైద్య పత్రికలకెక్కాయి. మా పిన్ని కొడుకు ఒకడు ఇలాంటి ‘లివర్ క్లీనింగ్’ పొడి ఆరు వారాలు వాడి, ఎస్‌జీపీటీ 80 ఉన్నవాడు 900తో ఆస్పత్రిలో చేరాడు. పొడి ఆపాక రెండు నెలలకి దిగింది. మెడికల్ షాపులో ఇచ్చే లివర్ టానిక్కులు అంత హాని చేయవు, అంత మేలూ చేయవు. ఆ డబ్బుతో చేపలు కొనుక్కోండి.

అసలైన మందులు లేవని కాదు. మన దేశంలో సారోగ్లిటజార్‌కి 2020లో ఈ జబ్బుకి అనుమతి వచ్చింది. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ అనుమతి పొందాయి. ఆ రెండూ వాపుతో పాటు స్టేజి 2, 3 ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ళకి. విటమిన్ ఇ పెద్ద మోతాదులో కొందరికి ఇస్తారు, అది డాక్టరు చూసి రాయాల్సినది, మీరే కొనుక్కుని మింగేది కాదు. మీ స్థితిలో ఇవేవీ ఇప్పుడు అక్కర్లేదనుకుంటాను, కానీ ఆ రిపోర్టులు పట్టుకుని ఒక ఫిజీషియన్‌ని కలవండి. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ మాత్ర రాస్తే లివర్ పాడవుతుందని ఆపేయకండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళు కూడా దాన్ని వాడొచ్చు, గుండెకి కాపలా అదే. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుందని మీ ఆవిడ అంటుంటే అది కూడా డాక్టరుకి చెప్పండి.

కళ్ళు పచ్చబడటం, పొట్టలో నీరు చేరి ఉబ్బడం, కాళ్ళ వాపు, నల్లటి విరేచనాలు, రక్తపు వాంతి, మనిషి తికమకగా మాట్లాడటం, వీటిలో ఏది కనిపించినా నడక, గుంజీలు పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. కుడి పక్క అప్పుడప్పుడూ బరువుగా ఉండటం దాంట్లోకి రాదు, అది చాలామందికి ఉంటుంది.

మూడు నెలలకి రక్తపరీక్షలు చేయించండి, ఎస్‌జీపీటీ ముందు దిగుతుంది. స్కానింగ్‌కి తొందరలేదు, ఏడాదికి చాలు. వెళ్ళేటప్పుడు ఆరు గంటలు ఏమీ తినకుండా, పాత రిపోర్టు చేత్తో పట్టుకుని, వీలైతే అదే సెంటర్‌కి వెళ్ళండి. లేకపోతే వేరే కళ్ళు, వేరే మిషను, తేడా ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియదు.

పెళ్ళి సంగతి మిగిలింది. బంతిలో కూర్చున్నాక మలై కాజా వడ్డించేవాడికి చెయ్యి అడ్డం పెట్టడం నెల్లూరులో అయ్యే పని కాదు. ఒకటి తినండి. ఆ పూట అన్నం సగం చేసి, మర్నాడు పొద్దున గట్టు మీద బైకు వదిలి నడవండి.